ప్రింటర్ అలిగితే ఏం చేయాలి?



ఇప్పుడు ఏ పనికి పోయినా కాగితం కావాలి. పొదుపు సంఘం అప్పుకు కాగితం. పిల్లల్ని బడిలో చేర్చడానికి కాగితం. పొలం పనికి కాగితం. "ఆధార్ జిరాక్స్ తెచ్చావా?" అని అడగని ఆఫీసు లేదు.

జిరాక్స్ కోసం చాలా పల్లెల నుంచి బస్సో ఆటోనో ఎక్కాలి. మాచర్లకో, గురజాలకో, నరసరావుపేటకో పోవాలి. జిరాక్సుకు అయ్యేది కొద్ది డబ్బే. ఛార్జీలకు అంతకు ఎన్నో రెట్లు అవుతుంది. ఆ పూట కూలి కూడా పోతుంది.

అందుకే కొందరు ఇంట్లోనే చిన్న ప్రింటర్ పెట్టుకుంటున్నారు. కుట్టుమిషన్ పక్కనే ప్రింటర్ పెట్టి, ఊరివాళ్ళకు కాగితాలు తీసి ఇచ్చేవాళ్ళు కూడా ఉన్నారు. ఊరికి మేలు. ఇంటికి నాలుగు డబ్బులు.

కానీ ఆ మిషన్ ఒక్కోసారి మొరాయిస్తుంది. ఎంత నొక్కినా కాగితం రాదు. వచ్చినా తెల్లగా వస్తుంది. "అయ్యో, మిషన్ పోయింది" అని మనం బెంబేలు పడతాం. చాలాసార్లు మిషన్ పోదు. ఎక్కడో ఒక చిన్న అడ్డం పడుతుంది. అది ఎక్కడ పడిందో వెదికే పద్ధతి ఉంది. ఆ పద్ధతి తెలిస్తే చాలా అడ్డాలు మనమే తీసేయవచ్చు. దాన్ని ఈ పాఠంలో తెలుసుకుందాం.

ప్రింటర్ అచ్చు ఎలా వేస్తుంది?

ఒకప్పుడు అచ్చు అంటే ప్రెస్సే. సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా పేర్చేవాళ్ళు. వాటికి రంగు పూసేవాళ్ళు. కాగితం పెట్టి నొక్కేవాళ్ళు. శుభలేఖ వేయించాలన్నా పట్నానికి పోవాల్సిందే. ఇప్పుడు ఆ పని బల్లమీద పట్టే మిషన్ చేస్తోంది.

ఇళ్ళల్లో వాడే ప్రింటర్లు ముఖ్యంగా రెండు రకాలు.

మొదటిది ఇంకు ప్రింటర్. ఇందులో నీళ్ళలాంటి ఇంకు ఉంటుంది. మామూలుగా 4 రంగులు. నలుపు, నీలం, గులాబి, పసుపు. ఈ నాలుగింటిని కలిపే మిషన్ అన్ని రంగులూ తెస్తుంది. లోపల ఒక చిన్న పెట్టె అటూ ఇటూ పరుగెత్తుతుంది. దాన్ని హెడ్ అంటారు. హెడ్ అడుగున వందల రంధ్రాలు ఉంటాయి. ఒక్కొక్క రంధ్రం మన తల వెంట్రుక కన్నా సన్నం. ఆ రంధ్రాల్లోంచి ఇంకు చుక్కలు చుక్కలుగా కాగితం మీద పడుతుంది. ముగ్గుకు చుక్కలు పెట్టినట్టే. చుక్కలన్నీ కలిసి అక్షరం అవుతుంది.

ఈ ఉపాయం పుట్టిన కథ వినండి. 1977లో జపాన్ దేశంలో కానన్ కంపెనీలో ఇచిరో ఎండో అనే ఇంజనీరు పని చేస్తున్నాడు. ఆయన దగ్గర ఇంకు నింపిన సిరంజి ఉంది. అతుకులు వేసే వేడి కడ్డీ అనుకోకుండా ఆ సూదికి తగిలింది. సూది కొన నుంచి ఇంకు చిమ్మింది. "వేడి తగిలితే ఇంకు చుక్క ఎగిరి పడుతుంది" అని ఆయన గ్రహించాడు. ఆ ఉపాయంతోనే ఒక రకం ఇంకు ప్రింటర్లు తయారయ్యాయి. వేడి లేకుండా, నొక్కి చుక్కను వదిలే రకం కూడా ఉంది.

రెండోది లేజర్ ప్రింటర్. ఇందులో ఇంకు ఉండదు. నల్లటి పొడి ఉంటుంది. దాన్ని టోనర్ అంటారు. ప్లాస్టిక్ దువ్వెనతో పొడి జుట్టు దువ్వి, చిన్న కాగితం ముక్కల దగ్గర పెట్టి చూడండి. ముక్కలు ఎగిరి దువ్వెనకు అంటుకుంటాయి. ఈ మిషన్‌లో కూడా పొడి అట్లాగే అక్షరాల ఆకారంలో అంటుకుంటుంది. తర్వాత కాగితం మీదకు చేరుతుంది. పెనం లాగా కాలే ఒక రోలు కట్ట ఆ పొడిని కరిగించి కాగితానికి అతికిస్తుంది. అందుకే లేజర్ కాగితం బయటకు వచ్చేటప్పుడు వెచ్చగా ఉంటుంది.

పొడిని ఇట్లా అంటించే పద్ధతిని అమెరికాలో చెస్టర్ కార్ల్‌సన్ కనిపెట్టాడు. 1938 అక్టోబరు 22న మొదటిసారి ఆయన ఒక నకలు తీశాడు. తర్వాత జిరాక్స్ అనే కంపెనీ ఆ పద్ధతితో మిషన్లు చేసి అమ్మింది. ఆ కంపెనీ పేరే మన నోట్లో పడింది. నకలు కాగితాన్ని "జిరాక్స్" అంటున్నాం.

ఇప్పుడు ఒక మాట గుర్తు పెట్టుకోండి. అచ్చు పడాలంటే 4 కుదరాలి. కరెంటు రావాలి. కాగితం లోపలికి పోవాలి. రంగు బయటకు రావాలి. ఏం అచ్చు వేయాలో మిషన్‌కు కబురు అందాలి. ఈ నాలుగింటిలో ఏది ఆగినా అచ్చు ఆగుతుంది.

మొదటి పరీక్ష: జిరాక్స్ మీట

బోరు నీళ్ళు పోయడం లేదనుకోండి. మనం ఏం చేస్తాం? వెంటనే మోటారు పైకి లాగం. ముందు కరెంటు ఉందో లేదో చూస్తాం. పైపు పగిలిందేమో చూస్తాం. తర్వాతే మోటారు. ప్రింటర్ దగ్గర కూడా అంతే. తేలిక పని ముందు. కష్టమైన పని చివర.

మాచర్ల దగ్గర ఒక పల్లె అనుకుందాం. పొదుపు సంఘంలో 10 మంది ఉన్నారు. రేపు పొద్దున 10 గంటలకు బ్యాంకులో కాగితాలు ఇవ్వాలి. ఒక్కొక్కరికి ఆధార్ నకలు ఒకటి, బ్యాంకు పుస్తకం నకలు ఒకటి. మొత్తం 20 కాగితాలు. అవి అందకపోతే అప్పు వెనక్కు పోతుంది. పత్తికి పెట్టుబడి కావాల్సిన రోజులు. సంఘం లెక్కలు రాసే అమ్మాయి ఇంట్లో ప్రింటర్ ఉంది. సాయంత్రం ఫోనులోంచి ప్రింట్ నొక్కింది. మిషన్ కదల్లేదు. అప్పుడు పక్కింటి వదిన వచ్చింది.

"ఏందమ్మాయ్, మొహం అట్టా పెట్టావు?"

"మిషన్ పోయినట్టుంది వదినా. పదిసార్లు నొక్కా. ఉలకదు, పలకదు."

"లైటు వెలుగుతోందా?"

"ఆ, వెలుగుతోంది."

"అయితే కరెంటు ఉన్నట్టే గదా. ఫోను పక్కన పెట్టు. అద్దం మీద ఒక కాగితం బోర్లా పెట్టు. జిరాక్స్ మీట నొక్కు. ఏమైద్దో చూద్దాం."

అమ్మాయి మీట నొక్కింది. మిషన్ గర్రుమంది. జిరాక్స్ బయటకు వచ్చింది.

"చూశావా! మిషన్ నిక్షేపంగా ఉంది. అడ్డం నీ ఫోనుకీ మిషన్‌కీ నడుమ ఉంది."

"అయితే మెకానిక్‌ను పిలవొద్దా వదినా?"

"దేనికమ్మా? అందరినీ కార్డులు, పుస్తకాలు తెమ్మని చెప్పు. అద్దం మీద పెట్టి ఒక్కొక్కటే తియ్యి. ముందు రేపటి పని కానీ. ఫోను సంగతి నిదానంగా చూద్దాం."

చూశారా! ఒక్క మీటతో వెదికే పని సగం అయింది. పైన అద్దం ఉన్న ప్రింటర్‌కు ఈ పరీక్ష చేయవచ్చు. జిరాక్స్ మీట మీద మామూలుగా రెండు కాగితాలు ఒకదాని మీద ఒకటి ఉన్న బొమ్మ ఉంటుంది.

జిరాక్స్ వస్తే మిషన్ మంచిదే. ఫోనును, వైరును, వైఫైని చూడాలి.

జిరాక్స్ రాకపోతే అడ్డం మిషన్‌లోనే ఉంది. కరెంటు, కాగితం, రంగు చూడాలి.

జిరాక్స్ తెల్ల కాగితంలా వస్తే ముందు అద్దం మీద కాగితం బోర్లా పెట్టారో లేదో చూడండి. సరిగ్గానే పెడితే రంగు దగ్గర అడ్డం ఉంది.

బొమ్మలు చదవండి

ప్రింటర్ మీద మాటలు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి. ఇంగ్లీషు రాదని దిగులు పడవద్దు. బొమ్మలు కూడా ఉంటాయి. బొమ్మ చదివితే చాలు.

గుండ్రంలో నిలువు గీత ఉంటే అది కరెంటు మీట. నీటి చుక్క బొమ్మ ఉంటే అది ఇంకు గుర్తు. కాగితం బొమ్మ పక్కన లైటు మిణుకుతుంటే కాగితం అయిపోయింది, లేదా ఇరుక్కుంది. ఇంటూ గుర్తు ఉన్న మీట పనిని ఆపడానికి. త్రికోణంలో ఆశ్చర్యార్థకం గుర్తు ఉంటే ఏదో తేడా ఉందని హెచ్చరిక.

కరెంటు లైటు నిలకడగా ఉంటే మిషన్ సిద్ధంగా ఉంది. మిణుకుతుంటే పనిలో ఉంది, లేదా మనకేదో చెబుతోంది. ఏ లైటు ఎన్నిసార్లు మిణుకుతోందో చూసి రాసుకోండి. మిషన్‌తో వచ్చిన పుస్తకంలో దాని అర్థం ఉంటుంది. చదువుకునే పిల్లల చేత చదివించుకోండి. మెకానిక్‌కు ఫోను చేసినప్పుడు కూడా ఆ లెక్క పనికొస్తుంది.

కరెంటు

లైటు అసలు వెలగకపోతే గోడ స్విచ్ చూడండి. అదే ప్లగ్గులో ఫోను చార్జర్ పెట్టి చూడండి. ఫోను చార్జ్ అయితే ప్లగ్గు మంచిదే. అప్పుడు ప్రింటర్ వెనక వైరు చూడండి. వదులుగా ఉంటే గట్టిగా లోపలికి నెట్టండి. తడి చేతులతో ముట్టుకోవద్దు.

ఇంకొక ముఖ్యమైన మాట. ప్రింటర్‌ను ఆపేటప్పుడు గోడ స్విచ్ ముందు కట్టకూడదు. ముందు ప్రింటర్ మీద ఉన్న మీట నొక్కండి. లైటు పూర్తిగా ఆరేదాకా ఆగండి. తర్వాత గోడ స్విచ్ కట్టండి.

ఎందుకు? మీట నొక్కగానే హెడ్ ఒక మూలకు పోయి కూర్చుంటుంది. అక్కడ దాని అడుగున రబ్బరు మూత పడుతుంది. పచ్చడి జాడీకి మూత పెట్టినట్టు. మూత పడితే రంధ్రాల్లో ఇంకు ఆరిపోదు. గోడ స్విచ్ టక్కున కట్టేస్తే హెడ్ దారిలోనే ఆగిపోవచ్చు. మూత పడదు. ఇంకు ఎండి రంధ్రాలు పూడిపోతాయి. కరెంటు పోయినప్పుడు కూడా ఇట్లాగే జరుగుతుంది. అందుకే కరెంటు తిరిగి రాగానే ప్రింటర్‌ను ఒకసారి వేసి, మీటతోనే ఆపండి.

కాగితం

కాగితాలు పెట్టేముందు కట్టను చేతిలో పట్టుకుని ఒకసారి విదిలించండి. పేకముక్కలు కలిపేటప్పుడు చేసినట్టు అంచులు వదులు చేయండి. అప్పుడు రెండు మూడు కాగితాలు అతుక్కుని పోవు. అంచులు సమంగా సర్దండి. పక్కన ఉండే ఆపులు కాగితానికి తగిలీ తగలనట్టు ఉండాలి. మరీ బిగిస్తే కాగితం ముడత పడుతుంది. వదులైతే వంకరగా పోతుంది.

వానాకాలంలో కాగితం చెమ్మ పీలుస్తుంది. చెమ్మ కాగితం ఇరుక్కుంటుంది. కాబట్టి వాడని కాగితాలను ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టండి. స్టాప్లర్ పిన్ను ఉన్న కాగితం, మడత పడిన కాగితం మిషన్‌లో పెట్టవద్దు.

కాగితం ఇరుక్కుంటే ముందు మీట నొక్కి ప్రింటర్‌ను ఆపండి. ప్లగ్గు తీయండి. మూత తెరిచి కాగితం ఎటు పోతోందో చూడండి. రెండు చేతులతో పట్టుకుని నిదానంగా లాగండి. గబుక్కున లాగితే చిరుగుతుంది. చిన్న ముక్క లోపల ఉండిపోయినా మిషన్ నడవదు. తీసిన కాగితాన్ని నేలమీద పరిచి చూడండి. మూల ఏదైనా తక్కువైతే అది ఇంకా లోపలే ఉంది. టార్చి వేసి వెదకండి.

కాగితం ఏమీ లేకపోయినా "ఇరుక్కుంది" అని లైటు చూపిస్తుంటే తలపిన్నో, పెన్సిల్ ముక్కో, పిల్లల ఆటవస్తువో పడి ఉండవచ్చు. పైనుంచి కాగితాలు పెట్టే మిషన్లలో ఇది ఎక్కువ. మిషన్ నడిచేటప్పుడు కొంగు, జడ, పిల్లల వేళ్ళు దగ్గరకు పోకుండా చూసుకోండి. లేజర్ ప్రింటర్ అయితే లోపల కాలుతుంది. అరగంట ఆగి చేయి పెట్టండి.

రంగు

కాగితం వస్తోంది. కానీ తెల్లగా వస్తోంది. లేదా గీతలు గీతలుగా వస్తోంది. అప్పుడు రంగు చూడాలి.

ట్యాంకులు ఉన్న ఇంకు ప్రింటర్ అయితే బయటకే కనిపిస్తుంది. ట్యాంకు మీద కింద ఒక గీత, పైన ఒక గీత ఉంటాయి. ఇంకు కింది గీత దాకా రాకముందే పోయాలి. గీత కిందకు పోతే గొట్టాల్లోకి గాలి చేరుతుంది. అప్పుడు హెడ్ పాడయ్యే ప్రమాదం ఉంది. పై గీత దాటి కూడా పోయకూడదు. మీ మిషన్ నంబరు చెప్పి, దానికి సరిపోయే ఇంకే కొనండి. నలుపులో నలుపు, పసుపులో పసుపు. ఒకదాని ఇంకు ఇంకోదాంట్లో పడితే ప్రింట్ నొక్కవద్దు. వెంటనే ఆపి సర్వీసు వాళ్ళకు చెప్పండి. ఇంకులో నీళ్ళు కలపవద్దు.

ఇంకు డబ్బీలు బిగించే రకం అయితే కొత్త డబ్బీ మీద ఒక అంటు పట్టీ ఉంటుంది. అది తీయకుండా బిగిస్తే ఇంకు రాదు. కొత్త డబ్బీ పెట్టగానే తెల్ల కాగితం వస్తే ముందు ఆ పట్టీ చూడండి.

ఇంకు నిండా ఉంది. అయినా గీతలు వస్తున్నాయి. అంటే రంధ్రాలు పూడి ఉంటాయి. దీనికి మిషన్‌లోనే వైద్యం ఉంది. మొదట నాజిల్ చెక్ అనే పని చేయించాలి. ఫోనులో ప్రింటర్ యాప్‌లో అది ఉంటుంది. మిషన్ ఒక కాగితం మీద 4 రంగుల్లో గళ్ళు వేసి ఇస్తుంది. గళ్ళు తెగకుండా ఉంటే రంధ్రాలు బాగున్నాయి. మధ్యలో తెగితే ఆ రంగు పూడుకుంది. అప్పుడు హెడ్ క్లీనింగ్ చేయించాలి. మిషన్ తన రంధ్రాలను తనే ఇంకుతో కడుక్కుంటుంది. తర్వాత మళ్ళీ గళ్ళ కాగితం తీసి చూడండి.

కానీ ఒక జాగ్రత్త. కడిగిన ప్రతిసారీ ఇంకు ఖర్చవుతుంది. ఆ ఇంకు మిషన్ అడుగున ఉండే మెత్తలో చేరుతుంది. మెత్త నిండితే మిషన్ పూర్తిగా ఆగిపోతుంది. అందుకని 2, 3 సార్లు కడిగినా బాగుపడకపోతే ఆపేయండి. ప్రింటర్ ఆపి ఒక రాత్రి వదిలేయండి. ఎండిన ఇంకు నానుతుంది. పొద్దున ఇంకొకసారి చూడండి. అప్పటికీ కాకపోతే మెకానిక్ పని. సూదితో, పిన్నుతో రంధ్రాలను పొడవవద్దు. పొడిస్తే హెడ్ ఇక పనికిరాదు.

లేజర్ ప్రింటర్‌లో అచ్చు వెలిసినట్టు వస్తే పొడి అయిపోవచ్చింది. పొడి డబ్బీని తీసి, చేట చెరిగినట్టు అటూ ఇటూ మెల్లగా ఊపి పెట్టండి. ఇంకొన్ని కాగితాలు వస్తాయి. ఈలోపు కొత్తది తెచ్చుకోవచ్చు. పొడి చేతికి అంటితే చన్నీళ్ళతో కడగండి. వేడి నీళ్ళు వాడితే పొడి అతుక్కుంటుంది.

కబురు అందే దారి

జిరాక్స్ వస్తోంది. ఫోనులోంచి మాత్రం రావడం లేదు. అంటే దారిలో అడ్డం ఉంది.

వైరుతో కలిపిన ప్రింటర్ అయితే వైరు రెండు కొసలూ తీసి మళ్ళీ పెట్టండి.

వైఫైతో కలిపిన ప్రింటర్ అయితే ఒకటి చూడాలి. మన చేనుకు సాగర్ కుడి కాలువ నీళ్ళు పారాలంటే చేను ఆ కాలువ కింద ఉండాలి. అట్లాగే ఫోనూ, ప్రింటరూ రెండూ ఒకే వైఫై కింద ఉండాలి. ఫోను పక్కింటి వైఫైలో ఉండి, ప్రింటర్ మన వైఫైలో ఉంటే కబురు అందదు. ఫోనులో ఏ వైఫై పేరు ఉందో చదవండి. ఇంట్లో వైఫై పెట్టె మార్చినా, దాని రహస్య పదం మార్చినా ప్రింటర్‌కు ఆ సంగతి తెలియదు. మళ్ళీ కొత్తగా జత చేయాలి. కొన్ని ఇళ్ళల్లో వైఫైకి 2 పేర్లు కనిపిస్తాయి. ఒకదాని చివర 5జి అని ఉంటుంది. చాలా చిన్న ప్రింటర్లు 5జి అని లేని పేరుతోనే కలుస్తాయి.

ఫోనులో "ఆఫ్‌లైన్" అని వస్తే ప్రింటర్ ఫోనుకు కనిపించడం లేదని అర్థం. ప్రింటర్‌ను, వైఫై పెట్టెను, ఫోనును ఆపి మళ్ళీ వేయండి. ముందు వైఫై పెట్టె వేయండి. 2 నిమిషాలు ఆగి ప్రింటర్ వేయండి. చివర ఫోను.

ఇంకొక అడ్డం వరుస. రేషన్ దుకాణం దగ్గర ముందున్న మనిషి కదలకపోతే వెనకవాళ్ళందరూ ఆగాలి. ప్రింటర్‌కు పంపిన పనులు కూడా వరుసలో నిలబడతాయి. మొదటి పని ఆగితే వెనకవన్నీ ఆగుతాయి. అందుకే పదిసార్లు నొక్కవద్దు. ఫోనులోనో, కంప్యూటర్‌లోనో ఆ వరుస తెరిచి పాత పనులను రద్దు చేయండి. తర్వాత ఒక్కసారి నొక్కండి.

మన సంఘం అమ్మాయి ఏం చేసిందో గుర్తుందా? పదిసార్లు నొక్కింది. ఫోను పక్కింటి వైఫైలో ఉందని తర్వాత తెలిసింది. వైఫై మార్చింది. వెంటనే మిషన్ ఒకే కాగితాన్ని పదిసార్లు అచ్చు వేయడం మొదలుపెట్టింది! వదిన ఇంటూ మీట నొక్కి ఆపింది. లేకపోతే 9 కాగితాలు, వాటి ఇంకు దండగ.

మన ఎండ, మన దుమ్ము

ఎండ అంటే రెంటచింతలే. వేసవిలో అక్కడ 45 డిగ్రీలు దాటిన రోజులు ఉన్నాయి. పల్నాడు అంతా అదే ఎండ. చాలా ఇంకు ప్రింటర్ల పుస్తకాల్లో 35 డిగ్రీల లోపు వేడిలో వాడమని ఉంటుంది. ఇంకులో ఎక్కువ భాగం నీళ్ళే. వడగాలికి నీళ్ళు ఆరిపోతాయి. మిగిలిన రంగు రంధ్రంలో గడ్డ కడుతుంది.

కాబట్టి రేకుల కింద, కిటికీ ఎండలో, పొయ్యి దగ్గర ప్రింటర్ పెట్టవద్దు. ఇంట్లో చల్లగా ఉండే మూల పెట్టండి. వేసవిలో పొద్దున్నే పని చేసుకోండి. పని ఉన్నా లేకపోయినా వారానికి ఒకసారి 4 రంగులూ పడే కాగితం ఒకటి తీయండి. వాడుతుంటే ఇంకు ఆరదు.

దుమ్ము రెండో శత్రువు. పిడుగురాళ్ళ వైపు సున్నం బట్టీల పొడి. మిర్చి కళ్ళాల దగ్గర మిరప ఘాటు, దుమ్ము. పత్తి తీసే రోజుల్లో గాలిలో నూగు. ఇవి కాగితాన్ని లాగే రబ్బరు చక్రాల మీద చేరితే చక్రాలు జారతాయి. కాగితం లోపలికి పోదు. పని అయ్యాక ప్రింటర్ చల్లారనిచ్చి మీద శుభ్రమైన గుడ్డ కప్పండి. నడిచేటప్పుడు కప్పవద్దు. దాని దగ్గర ఊడ్చేటప్పుడు కూడా గుడ్డ కప్పండి.

మెకానిక్ దగ్గరకు ఎప్పుడు పోవాలి?

కాలిన వాసన వచ్చినా, పొగ వచ్చినా వెంటనే ప్లగ్గు తీయండి. లోపల నీళ్ళు పడినా అంతే. పళ్ళ చక్రాలు విరిగినట్టు చప్పుడు వచ్చినా, మెత్త నిండిందని హెచ్చరిక వచ్చినా ఆపండి. వీటిలో మనం చేయి పెట్టకూడదు.

బిల్లు, వారంటీ కార్డు బియ్యం డబ్బాలో దాచినా సరే, భద్రంగా దాచండి. వారంటీ రోజుల్లో బయట మనిషి చేత మిషన్ విప్పించవద్దు. విప్పిస్తే కంపెనీ వాళ్ళు ఉచితంగా చేయమనవచ్చు. బయట బాగు చేయించేటప్పుడు ముందే అడగండి. "ఏం పోయింది? ఎంత అవుతుంది? పాత సామాను నాకు ఇస్తావా?" అని అడగండి. "జిరాక్స్ వస్తోంది, ఫోను నుంచి రావడం లేదు" అని మనం చెప్పగలిగితే అవతలి మనిషికి మనకు పని తెలుసని అర్థమవుతుంది. లేని రోగానికి మందు వేయడు.

వస్తువు గురించి న్యాయం జరగకపోతే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. అది దేశమంతటా వినియోగదారుల కోసం పెట్టిన నంబరు.

ఇప్పుడు ఒక పెద్ద ప్రమాదం గురించి చెప్పుకోవాలి. ప్రింటర్ ఆగగానే కొందరు ఫోనులో "సర్వీసు నంబరు" అని వెదుకుతారు. అక్కడ దొంగ నంబర్లు కూడా ఉంటాయి. ఫోను ఎత్తినవాడు తియ్యగా మాట్లాడతాడు. "ఈ యాప్ పెట్టుకోండి, ఇక్కడి నుంచే బాగు చేస్తా" అంటాడు. ఆ యాప్ పెట్టగానే మన ఫోను వాడికి కనిపిస్తుంది. తర్వాత 5 రూపాయలు కట్టమంటాడు. ఓటీపీ అడుగుతాడు. బ్యాంకులో డబ్బు పోతుంది. సంఘం డబ్బు కూడా అందులో ఉంటే పదిమంది నోటి కూడు పోయినట్టే.

మిషన్ అట్టపెట్టె మీద, పుస్తకంలో, వారంటీ కార్డు మీద ఉన్న నంబరుకే ఫోను చేయండి. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు. ఎవరు చెప్పినా తెలియని యాప్ పెట్టుకోవద్దు. మోసపోతే సిగ్గుపడి దాచవద్దు. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. ఎంత తొందరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇంకొక మాట. ఊరివాళ్ళ ఆధార్ కాగితాలు మన చేతికి వస్తాయి. చెడిపోయిన నకళ్ళను చించి పారేయండి. పొట్లాలు కట్టడానికి ఇవ్వవద్దు. పని అయ్యాక ఫోనులోని బొమ్మ కూడా తీసేయండి. నమ్మకం ఉంటేనే జనం మళ్ళీ మన ఇంటికి వస్తారు.

గుర్తుంచుకోండి

1. పదిసార్లు నొక్కవద్దు. ఒకసారి నొక్కి, ఆగి చూడండి.
2. ముందు జిరాక్స్ మీటతో పరీక్ష చేయండి.
3. కరెంటు, కాగితం, రంగు, కబురు. ఈ వరుసలో వెదకండి.
4. మీటతో ఆపిన తర్వాతే గోడ స్విచ్ కట్టండి.
5. వారానికి ఒక రంగు కాగితం తీయండి.
6. పెట్టె మీద ఉన్న నంబరునే నమ్మండి. ఓటీపీ చెప్పవద్దు.

ఆలోచించండి, చెప్పండి

1. జిరాక్స్ వస్తోంది, ఫోను నుంచి ప్రింట్ రావడం లేదు. అడ్డం ఎక్కడ ఉంది?
2. గోడ స్విచ్ ముందు ఎందుకు కట్టకూడదు?
3. మీ ఊళ్ళో ప్రింటర్‌ను ఏ మూల పెడితే మంచిది? ఎందుకు?
4. "యాప్ పెట్టుకోండి" అని ఫోనులో ఎవరైనా అంటే మీరేం జవాబు చెబుతారు?

చేయండి

ఒక తెల్ల కాగితం తీసుకోండి. పైన చెప్పిన 6 మాటలు మీ సొంత దస్తూరితో రాయండి. వాటి కింద మీ మిషన్ కొన్న తేదీ, పెట్టె మీద ఉన్న సర్వీసు నంబరు రాయండి. ప్రింటర్ ఉన్న గోడకు అంటించండి. మీ ఇంట్లో ప్రింటర్ లేకపోతే, ఉన్న అక్కకు రాసి ఇవ్వండి.